చేతులు కట్టుకున్న బడి

వెంకటరాజు మేస్త్రీ మా బడికి చేసిన అన్యాయాలు చాలా ఉన్నాయి గాని, అన్నిటికంటే పెద్దది ఒక పూట మర ఆపించడం. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. మర ఆపితే బడికి మేలే కదా పంతులూ, దానికి కోపమెందుకంటారు. అలా నవ్వేవాళ్ళను చూస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది.

రంగం పట్నం చివర, అహ్లోన్ పేటలో నది ఒడ్డున ఆ బియ్యపు మర. దాని ఇంజను గదికీ మా బడికీ మధ్య ఒక్కటే గోడ, అదీ రేకు గోడ. నేను భీమునిపట్నంలో పంతులు పరీక్ష ప్యాసై, ఓడెక్కి బర్మాలో రంగం వచ్చింది పందొమ్మిది వందల ఇరవైమూడులో. మరలో పనిచేసే మనవాళ్ళ పిల్లలకు తెలుగు బడి పెట్టాం, పంతులు కావాలని వెంకటరాజు కబురు పెడితే వచ్చాను. మరకు కూలీలను తెచ్చేది ఆయనే, వాళ్ళను ఉంచేదీ తీసేసేదీ ఆయనే. బడి కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ అధ్యక్షుడికి బడి అంటే ఏమిటో తెలుసా? గుమ్మం మీద తన పేరున్న బోర్డు. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

మొదటి రోజు పాఠం మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినబడలేదు. నేల అదురుతోంది. బల్ల మీద పెట్టిన సుద్దముక్క తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. పైనుంచి ఊకదుమ్ము రాలుతూనే ఉంది. గంట తిరక్కుండా నలభైమంది పిల్లల తలలూ నెరిసిపోయాయి. నల్లబల్ల కూడా తెల్లబడితే తుడిచి రాశాను, మళ్ళీ తుడిచాను. ఆర్నెల్లు అలా అరిచాను. ఒక రోజు ఉమ్మితే రక్తం పడింది.

బడికి వంద గజాల దూరంలో, నదివైపు, ఇటుక గోడల పాత గొడౌను ఒకటుంది. అక్కడ నిలబడితే పడవవాళ్ళ మాటలు కూడా వినబడతాయి. అందులో ఉండేదల్లా మేస్త్రీగారి జట్కా బండి. బడిని అక్కడికి మార్చమని నేను మూడేళ్ళు అడిగాను. నోటితో అడిగాను, కాగితం రాసిచ్చాను, పండగపూట ఇంటికెళ్ళి బతిమాలాను. ప్రతిసారీ ఒకటే జవాబు.

"అలాగైతే నా జట్కా ఎక్కడ పెట్టుకోమంటావు పంతులూ?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేవాడు. అదే నాకు మరీ మంట. జట్కా తడిస్తే పాడవుతుందని తెలిసిన మనిషికి, పిల్లలు పాడవుతారని తోచలేదు.

నన్ను ఆదుకున్నది ఎనిమిదేళ్ళ పిల్ల, పేరు గంగాభవాని. తండ్రి బుల్లియ్య బాయిలరులోకి ఊక ఎగదోస్తాడు. తల్లి చిన్నతల్లి బియ్యం నింపిన గోనెల మూతులు కుడుతుంది. మరలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు గనక అక్కడివాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. భుజం మీద పిడికిలి పెడితే బస్తా. అరచెయ్యి బోర్లిస్తే ఆగమని. రెండు వేళ్ళు గొంతుకు ఆనిస్తే మంచినీళ్ళు. కొత్తగా వచ్చిన కూలీ వారంలో నేర్చుకుంటాడు, నేర్చుకోకపోతే ఏ బెల్టులోనో చెయ్యి పోగొట్టుకుంటాడు. కూలీల ఇళ్ళుండే ఆ లైన్లలో పుట్టిన పిల్లలు ఉగ్గుతోపాటే ఈ చేతిమాట నేర్చారు. ఒక రోజు నేను గొంతు చించుకుంటుంటే గంగాభవాని లేచి, నా నోరు మూయమని సైగ చేసి, ఏడో ఎక్కం మొత్తం వేళ్ళ మీద చెప్పి కూర్చుంది.

ఆ రోజునుంచి నేను వాళ్ళకు చదువు చెప్పాను, వాళ్ళు నాకు చేతులు నేర్పారు. గుణింతాలకు గాలిలో గుర్తులు పెట్టుకున్నాం. కూడికకు ఒక సైగ, తీసివేతకు ఒకటి. నేను ప్రశ్న చేత్తో వేసేవాణ్ణి, నలభై జతల చేతులు ఒక్కసారి లేచేవి. నా పిల్లల్లాగా పంతులు ముఖంలోకి రెప్ప వెయ్యకుండా చూసే పిల్లల్ని మన దేశంలో ఏ బడిలోనూ చూడలేదు. చెప్పుకోవడానికి సిగ్గులేదు, నేను చాలా గర్వపడ్డాను.

గంగాభవానికి పదకొండేళ్ళు వచ్చాయి. నాలుగో తరగతి ప్యాసైతే రంగం ఊళ్ళో ఉన్న ఆడపిల్లల బడిలో చేర్చుకుంటామన్నారు. తిండీ, పడకా, పుస్తకాలూ వాళ్ళవే. తప్పితే మరలో గోనెలు కుట్టడమే. చిన్నతల్లి ఆ మాట దాచలేదు.

"పాసైతే నేనే ఆ బడిలో ఒగ్గేసి వస్తాను పంతులుగోరూ. తప్పితే మాత్రం నన్నేటీ అనకండి. దాని సేతికి దబ్బనం కొనీసి ఉంచినాను."

చూరులో గుచ్చి ఉన్న ఆ దబ్బనం నేను చూశాను. కొత్తది, ఇంకా తుప్పు పట్టలేదు.

ఇరవైయారు ఫిబ్రవరిలో పరీక్ష పెట్టడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. నీలకంఠంగారట, కోస్తావారే, చాలా కచ్చితమైన మనిషట. నాకు లోపల సంతోషం. మర తిరిగే రోజుల్లో వస్తున్నాడు, ఆ మోత చెవులారా వింటాడు, ఆ దుమ్ము తింటాడు, బడి మార్చమని తానే రాస్తాడు. మేస్త్రీ నా కాగితం చింపగలడు గాని ఇన్‌స్పెక్టరు కాగితం చింపలేడు కదా అనుకున్నాను.

మేస్త్రీ నాకంటే ముందే లెక్క వేసుకున్నాడు. గోడలకు సున్నం కొట్టించాడు. రంగు కాగితాల తోరణాలు కట్టించాడు. ముందు రోజు సాయంత్రం పిల్లల్ని లైన్ల ముందు నిలబెట్టి, దొర వస్తే చేతులు కట్టుకుని నిలబడాలి, కదిపినవాడి వీపు చిట్లుతుందని చెప్పాడు. వారానికోసారి, బడి లేని పూట, యంత్రాలకు నూనె పెట్టడానికి మర ఆపుతారు. ఈ వారం ఆ పూటను ఇన్‌స్పెక్టరు వచ్చే పూటకు జరపమని మేనేజరును అడిగి ఒప్పించాడు. ఇదంతా నాకు తెలిసింది తెల్లవారాక, బడి తలుపు తీస్తున్నప్పుడు. బడి పరువు కోసం చేశాడట.

తొమ్మిది గంటలకు మర ఆగింది. చాలా తలలు ఒక్కసారి పైకి లేచాయి. పిల్లలు బెదిరిపోయి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. గంగాభవాని మాత్రం ఒకసారి అరచేత్తో నేల తడిమి, తల ఎత్తకుండా పలక మీద రాసుకుంటూ ఉండిపోయింది. దీని శ్రద్ధే శ్రద్ధ అనుకున్నాను. నా బుద్ధిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

నీలకంఠంగారు కోటూ తలపాగాతో వచ్చారు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన గదంతా కలయజూసి, బాగుందన్నారు. తర్వాత పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, పిల్లల వెనక పచార్లు చేస్తూ, తాను చదివిన మాటలు రాయమన్నారు. ఆయన పెదవులు వాళ్ళకు కనబడవు. చేతులు అసలే కనబడవు. ఇన్నాళ్ళూ కళ్ళతో విన్న పిల్లలు వెనకనుంచి వచ్చే గొంతును ఏం చేసుకోవాలో తెలియక నా ముఖం చూశారు. పలకలు ఖాళీగా ఉన్నాయి.

నోటిలెక్కలకు దిగారు. ఏడు తొమ్మిదులెంతని అడిగారు. ఆ జవాబు వాళ్ళ వేళ్ళ చివర ఉంది, వేళ్ళేమో చంకల కింద ఉన్నాయి. దండాసి అనే కుర్రాడు ఆపుకోలేక రెండు వేళ్ళు కదిపాడు. ఇన్‌స్పెక్టరు బెత్తంతో బల్ల మీద ఒక్కటి కొట్టి, సైగలతో కాపీ కొడుతున్నారా అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ ఉరిమి చూశాడు. ఆ తర్వాత ఒక్క పిల్ల కూడా వేలు కదపలేదు.

చివరికి గంగాభవాని వెనక నిలబడి, నీ పేరేమిటని అడిగారు. అది కదల్లేదు. మళ్ళీ అడిగారు. కదల్లేదు. ఇంత పొగరేమిటి ఈ పిల్లకన్నారు.

నేను దగ్గరకెళ్ళి, వీళ్ళకు చేతులతో చెప్పడం అలవాటండి, ఒక అరగంట నన్ను అడగనివ్వండని ప్రాధేయపడ్డాను. ఆయన వినిపించుకోకుండా రాస్తూ, రాసింది పైకి చదివారు. గది ప్రశాంతంగా ఉన్నదట. గాలీ వెలుతురూ చాలినంత ఉన్నవట. ఇంత మంచి వసతిలోనూ చదువు రాలేదంటే లోపం పిల్లల్లోనూ ఉపాధ్యాయునిలోనూ ఉన్నదట.

అప్పుడు వెంకటరాజు గుమ్మంలోంచి ఒక మాటన్నాడు. నన్ను కాపాడుతున్నాననుకునే అన్నాడేమో కూడా.

"కూలోళ్ళ పిల్లలు బావూ. ఎంత సేసినా ఈలకి ఇంతకంటే రాదు."

నేను నెమ్మదస్తుణ్ణని ఎవరూ అనరు గాని, అలాంటి కోపం నాకు అంతకుముందెన్నడూ రాలేదు. మేస్త్రీని భుజంతో తోసుకుని బయటికొచ్చాను. ఇంజను గదిలో బుల్లియ్య చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. నూనె పెట్టడం అయిపోయింది, మనుషులు యంత్రాల దగ్గర్నుంచి వచ్చేశారు, ఆవిరి సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళేదాకా కదపొద్దని మేస్త్రీ చెప్పాడట. జరిగింది నాలుగు మాటల్లో చెప్పి, మర తిప్పమన్నాను.

"తిప్పితే నా కొలువు పోతాది బావూ."

"పోతుంది. తిప్పకపోతే నీ కూతురు తప్పుతుంది."

బుల్లియ్య నన్ను చూడలేదు. లేచి, మనుషులు తప్పుకోవడానికి గంట రెండుసార్లు కొట్టి, ఆవిరి వదిలాడు.

నేను గదిలోకి వచ్చేసరికి నేల అదురుతోంది. కొత్త సున్నం పెళ్ళలుగా రాలింది. సిరాబుడ్డి నడుచుకుంటూ వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారి కోటు మీద ఒలికింది. ఆయన నోరు తెరిచి ఏదో అరుస్తున్నారు, ఒక్క అక్షరం వినబడటం లేదు. వినబడటం లేదని నేను చెవి చూపించి చెప్పాను. సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, పిల్లలవైపు తిరిగి, కట్టుకున్న చేతులు విప్పమని సైగ చేశాను.

ఆయన మొండి మనిషే గాని అబద్ధపు మనిషి కాదు. కాసేపు నన్నూ పిల్లల్నీ చూసి, నల్లబల్ల మీద లెక్క రాశారు. గీత పూర్తయ్యేలోపు నలభై జతల చేతులు లేచాయి. నేను అందిస్తున్నానని అనుమానమొచ్చి నన్ను బయటికి పంపేశారు. కిటికీలోంచి చూశాను. ఆయన రాస్తున్నారు, చేతులు లేస్తున్నాయి, పలకలు నిండుతున్నాయి. తర్వాత నన్ను పిలిచి, తన సంచిలోంచి నేనెప్పుడూ చూడని పుస్తకం తీసి ఒక పేజీ చూపించారు. దాన్ని నేను చేతులతో చెప్పి రాయించాను. గంగాభవాని పలక మీద ఒక్క తప్పు లేదు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పలక ఆయన రెండుసార్లు చదివారు.

ముందు రాసిన కాగితం చింపేశారు. నాలుగో తరగతి అందరూ ప్యాసు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, ఇరవయ్యేళ్ళ నౌకరీలో ఇటువంటి బోధన చూడలేదన్నారు. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గొడౌను సంగతి చెబితే తల ఊపారు. ఆ సాయంత్రమే బుల్లియ్యను బాయిలరునుంచి తీసి బస్తాల మోతకు వేశారు. అయినా వాడు నాకు ఎదురొచ్చి మరీ నవ్వాడు. చిన్నతల్లి ఆ దబ్బనం తన పాత దబ్బనం పక్కన పెట్టేసుకుంది.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఆకాశానికెత్తేశారు నన్ను. ఇంత మోతలోనూ, ఇంత దుమ్ములోనూ ఈ పంతులు ఇంత గొప్ప ఫలితాలు సాధించినందువల్ల, స్థలం చదువుకు అడ్డం కాలేదని స్పష్టమైనది, కనుక బడిని మార్చవలసిన తొందర కనబడలేదు అని ఉంది కింద. మూడుసార్లు చదివాను. నా చేతులతో నేనే పిల్లల్ని ఆ రేకు గోడకు మేకులు పెట్టి కొట్టినట్టనిపించింది.

వెంకటరాజు ఆ రిపోర్టుకు అద్దం కట్టించి బడిలో తగిలించాడు. ఇంక గొడౌను మాట ఎత్తకు పంతులూ, నీ గొప్పతనమంతా ఈ మోతలోనే ఉన్నాదని భుజం తట్టాడు. ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

జూన్‌లో గంగాభవానిని తల్లి ఊళ్ళో బడిలో దింపి వచ్చింది. పదో రోజున అది వాన్లో తడుస్తూ తల్లి వెంట తిరిగొచ్చింది. చేతిలో ఉత్తరం. పిల్ల తెలివైనదట, నడవడి మంచిదట, కాని చెవులు సరిగ్గా వినబడవట. వాళ్ళ డాక్టరు చూశాడట. మోతవల్లా, దుమ్ము చేరి చీము పట్టడంవల్లా రెండు చెవులూ చెడ్డాయట. అటువంటి పిల్లకు చదువు చెప్పే ఏర్పాటు తమ దగ్గర లేదట.

నేను నమ్మలేదు. దాన్ని గొడౌను దగ్గరికి తీసుకెళ్ళి నదివైపు తిప్పి నిలబెట్టాను. తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టాను. అది పడవలు చూస్తూ నిలబడింది. మళ్ళీ కొట్టాను. నా అరచేతులు మండాయి గాని దాని జడ కూడా కదల్లేదు. మర ఆగినప్పుడు తలెత్తని తల అప్పుడు గుర్తొచ్చింది.

చిన్నతల్లి నన్ను నిందించలేదు. అడిగింది, అంతే.

"మూడేళ్ళు మీ కళ్ళముందే ఉన్నాది కదా పంతులుగోరూ. మీకు తెల్లేదా?"

తెలియలేదు. ఎలా తెలుస్తుంది? దాన్ని నేనెప్పుడైనా నోటితో పిలిస్తే కదా. నేను కనిపెట్టానని విర్రవీగిన చేతుల చదువే ఆ పిల్ల చెవిటితనాన్ని నా కంట పడకుండా దాచేసింది. ఎంత బాగా చెప్పానో అంత బాగా దాచింది. ఆ పూటంతా నామీద నాకు అసహ్యమేసింది.

మర్నాడు మిగతా పిల్లల్ని ఒక్కొక్కణ్ణే నది ఒడ్డుకు తీసుకెళ్ళి వెనకనుంచి చప్పట్లు కొట్టాను. పదకొండుమంది తిరగలేదు. అందులో ఒకడికి ఆరేళ్ళు.

ఇంక బతిమాలడానికి నాలో ఏమీ మిగల్లేదు. అద్దం కట్టిన రిపోర్టు గోడమీంచి దింపి చంకలో పెట్టుకున్నాను. బడిలో ఉన్న పిల్లలందరినీ వరసగా నడిపించుకుంటూ వెళ్ళి, వెంకటరాజు ఇంటి వసారాలో కూర్చోబెట్టాను. ఆయన కాఫీ తాగుతున్నాడు. ఏటిది పంతులూ అన్నాడు. బడి అన్నాను. నన్ను తీసేశానన్నాడు. తీసెయ్యండి, జీతం లేకుండానే చెబుతాను, మోతలో బాగా చదువుతారని మీరే అద్దం కట్టించారు కదా, మోత మేమే చేస్తామన్నాను. పిల్లలవైపు తిరిగి, ఆ మూడేళ్ళలో మొదటిసారి, నోటితో చెప్పమన్నాను. మీ గొంతు ఎంత ఉంటే అంత పెట్టి, రెండో ఎక్కంనుంచి.

ముందు సిగ్గుపడ్డారు. తర్వాత అందుకున్నారు. మర పక్క పుట్టిన పిల్లలకు మెల్లగా అనడమంటే ఏమిటో తెలియదు. వీధిలో బర్మావాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎక్కాలే. రెండోరోజూ ఎక్కాలే. లాగెయ్యడానికి ఇద్దరు మనుషుల్ని పిలిపించాడు. వాళ్ళ పిల్లలూ ఆ వరసల్లోనే ఉన్నారు, వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. మూడోరోజు మధ్యాహ్నం వెంకటరాజు రెండు చెవులూ మూసుకుని బయటికొచ్చి, జట్కా తీయించేస్తానన్నాడు. ఆయన చెవులకు మూడు రోజులు చాలాయి.

గొడౌనులో బడి మొదలుపెట్టిన రోజు చిన్నతల్లి కూతుర్ని మళ్ళీ పంపింది. ఎంతవరకు చెప్పగలిగితే అంతవరకు చెప్పమంది. ఇటుక గోడలు, కిటికీలోంచి నది. నేను మామూలు గొంతుతో పాఠం చెప్పాను, చేతులతో కూడా చెప్పాను. పిల్లలు ఒకళ్ళ గొంతు ఒకళ్ళు వింటూ మురిసిపోతున్నారు. ముందు వరసలో కూర్చున్న గంగాభవాని మాత్రం రెండు అరచేతులూ నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నావైపు తిరిగి, నేల అదరడం లేదు, మర ఆగిపోయిందా అని చేతులతో అడిగింది.

ఆగలేదని చేతులతో చెప్పాను.